నాలుగే నోట్లు

పాట మొత్తానికి నాలుగే నోట్లు. జి, ఇ, సి, డి. ఒక్కో నోటుకి నాలుగు లెక్కలు. పదహారు లెక్కలయ్యాక మళ్ళీ మొదటికి. పల్లవికీ అవే, చరణానికీ అవే. బస్ టికెట్ వెనక రాసుకున్నా ఇంకా చోటు మిగులుతుంది. ఈ నాలుగు నోట్లు మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. వచ్చా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ జవాబు చెప్పడానికి కాస్త తటపటాయిస్తాను.

మాది గుణదల. ఏలూరు కాలవకీ రైలు కట్టకీ మధ్య ఇల్లు. హైదరాబాదులో పదేళ్ళు ఉద్యోగం చేసి, కరోనా టైములో ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చినవాణ్ణి వచ్చినట్టే ఉండిపోయాను. పగలు ఆఫీసు పని, రాత్రి పుస్తకాలు, రెండు మూడు నెలలకో సమీక్ష. ఇంటర్‌లో నా పక్కన కూర్చున్నవాడు మా వెనక వీధి చర్చి క్వయర్‌లో కీబోర్డు వాయిస్తాడు. పోయిన వేసవిలో వాళ్ళ బేస్ గిటార్ కుర్రాడు ఉద్యోగానికి కువైట్ వెళ్ళిపోయాడు. గిటార్ మాత్రం సంచితో సహా బీరువా పక్కన ఉండిపోయింది. "నీకు మామూలు గిటార్ కాస్త వచ్చుగా. ఆరు తీగల్లో రెండు తీసేస్తే ఇదే. పట్టుకెళ్ళు" అన్నాడు మావాడు. నేనూ అదే లెక్క వేశాను. ఇంజినీరింగ్ చదివినవాడికి ఆరులోంచి రెండు పోతే నాలుగే మిగుల్తుంది మరి.

బేస్ గిటార్ అంటే ఏమిటో తెలీనివాళ్ళు చాలామందే ఉంటారు, అందులో తప్పేం లేదు. స్టేజీ మీద నలుగురు నిలబడితే ఫొటోలో అంచుకి పోయేవాడి చేతిలో ఉండేది అది. చూడ్డానికి గిటారే, మెడ పొడుగు, తీగలు లావు. ఇ, ఎ, డి, జి అని నాలుగు తీగలు, మామూలు గిటార్ కన్నా ఒక స్థాయి కిందకి. అన్నిటికన్నా లావు తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ దీన్ని తెచ్చినప్పుడు 'ప్రెసిషన్ బేస్' అని పేరు పెట్టాడు. అంతకుముందు ఆ పని చేసిన డబుల్ బేస్ మనిషంత ఎత్తుండేది, మెడ మీద మెట్లుండేవి కావు, వేలు కాస్త జరిగితే అపస్వరమే. దీనికి వీణకి ఉన్నట్టు మెట్లున్నాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుంది. అలా స్వరం సంగతి ఫెండర్ చూసుకున్నాడు. లయ సంగతి మాత్రం వాయించేవాడికే వదిలేశాడు.

ఫోన్‌లో పాట పెట్టుకుంటే ఆ 41 కంపనాలు మీకు వినబడవు. అంత గాలిని కదిపే శక్తి ఆ బుల్లి స్పీకర్‌కి లేదు. పైనున్న అతిస్వరాలు విని, కిందది కూడా ఉందనే మెదడు సర్దుకుపోతుంది. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే మేరీమాత ఉత్సవాల్లో కొండ దగ్గర కట్టే గరాటు మైకులూ అంతే. గొంతులు కాలవ దాటి వస్తాయి, బేస్ స్తంభం దగ్గరే ఆగిపోతుంది. గోడ మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు. అది పై స్వరాలన్నిటినీ ఆపేసి కింది స్వరాల్ని వదిలేస్తుంది.

ఆ సంగతి నాకు ఫిజిక్స్ చదవకముందే తెలుసు. 1990లలో మా పక్కింటివాళ్ళకి చెక్కపెట్టెలో ఊఫర్ బిగించిన టేప్‌రికార్డరు ఉండేది. ఆదివారం పొద్దున్నే ఇళయరాజా మొదలయ్యేవాడు. బాలు గొంతు మా గోడ దాటేది కాదు, వయొలిన్లు దాటేవి కావు, బేస్ ఒక్కటే దాటేది. 'గీతాంజలి' పాటల బేస్ నాకు వాటి ట్యూన్ల కన్నా ముందు వచ్చు. తర్వాతెప్పుడో బస్సులో పూర్తి పాట విని, ఓహో, దీని మీద ఇంకోటి కూడా ఉందా అనుకున్నాను.

అందుకే గిటార్ ఇంటికి రాగానే ముందు క్వయర్ వాళ్ళ నాలుగు నోట్ల జోలికి పోలేదు. ఇళయరాజా మీద పడ్డాను. ఆయన స్వతహాగా గిటార్ వాయించినవాడు, ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నవాడు. ఏ వాద్యం ఎక్కడ ఏం పలకాలో తనే కాగితం మీద రాసిస్తాడు. బేస్ కూడా అందులో భాగమే. చాలా పాటల్లో ఆ బేస్ గొంతు కింద ఊరికే కూర్చోదు, గొంతు పైకి వెళ్తుంటే కిందకి దిగుతుంది, గొంతు ఆగినచోట నడుస్తుంది. ఎన్నో పాటల్లో దాన్ని వాయించింది శశిధరన్ అని నాకు ముప్ఫై దాటాక తెలిసింది. క్యాసెట్ అట్ట మీద రాసినవాళ్ళ పేరు, పాడినవాళ్ళ పేర్లు ఉండేవి. వాయించినవాళ్ళవి ఉండేవి కావు.

మూడు నెలల్లో 'గీతాంజలి'లో ఒక పాట పట్టుబడింది. వేళ్ళు బొబ్బలెక్కి మానాయి. వీడియో తీసి స్నేహితులకి పంపిస్తే చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఇంత కష్టమైనదే వచ్చింది, ఇక ఆ నాలుగు నోట్లెంత అనుకుంటూ ఒక శుక్రవారం సాయంత్రం ప్రాక్టీసుకి వెళ్ళాను.

*

క్వయర్‌కి ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ మాస్టారంటారు. 1980లలో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించారు. ఇప్పుడు వేళ్ళు వంగవు, అయినా శుక్రవారం ప్రాక్టీసుకి వచ్చి గోడ వారన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు. నేను వాయించడం మొదలుపెట్టాను. మూడో చుట్టులో ఆయన చెయ్యెత్తారు.

"ఏం బాబూ, రైలుందా?"

"లేదండీ."

"మరా తొందరేంటి?"

నాకు తొందరేం కనబడలేదు. డ్రమ్ములవాడే సాగదీస్తున్నాడని లోపల గట్టి నమ్మకం. సరే, ఎవరిది తప్పో తేల్చడం నా వృత్తే కదా అని ఇంటికొచ్చి కొలవడానికి కూర్చున్నాను.

కొలతకి యూటూ వాళ్ళ 'విత్ ఆర్ వితౌట్ యూ' తీసుకున్నాను, 1987 నాటిది. బేస్ వాయించింది ఆడమ్ క్లేటన్. డి, ఎ, బి, జి. ఒక్కోటి ఎనిమిదేసిసార్లు, దాదాపు అయిదు నిమిషాల పాట పొడుగునా అదే. బేస్ పట్టుకున్నవాళ్ళకి మొదటి వారంలో ఇచ్చే పాఠాల్లో ఇదొకటి. నిమిషానికి 110 లెక్కల వేగంలో ఒక నోటుకీ తర్వాతి నోటుకీ మధ్య 273 మిల్లీసెకన్లు. అలాంటివి సుమారు వెయ్యి. మెట్రోనోమ్ చెవిలో పెట్టుకుని, వాయించి, రికార్డు చేసి, కంప్యూటర్లో తరంగాన్ని పెద్దది చేసి చూశాను.

మాస్టారే రైటు. సగటున 30 మిల్లీసెకన్లు ముందున్నాను. మెట్రోనోమ్‌తో పాటు వేలితో తట్టమంటే మనుషులు సాధారణంగా దెబ్బకి కాస్త ముందే తడతారని మనస్తత్వ శాస్త్రంవాళ్ళు చాలాకాలంగా చెబుతున్నదే, కాబట్టి అందులో నా ప్రత్యేకతేం లేదు. నన్ను పట్టిచ్చింది ఇంకోటి. ఒకే నోటు మీద ఉన్నంతసేపూ పర్లేదు. నోటు మారబోయే ముందు రెండు దెబ్బలు మాత్రం ప్రతిసారీ పరిగెత్తాయి. మార్పు వస్తోందన్న కంగారు. మూడో నిమిషానికి ఆ కంగారు కూడా పోయి విసుగు వచ్చింది, అక్కణ్ణించి నోట్లు ఇష్టమొచ్చినచోట పడ్డాయి. నేనెప్పుడు భయపడ్డానో, నాకెప్పుడు బోర్ కొట్టిందో ఆ తరంగంలో సెకన్లతో సహా రాసుంది.

మరి ఇళయరాజా పాటలో ఇదెందుకు బయటపడలేదు? ఆ వీడియో మళ్ళీ పెట్టి కొలిస్తే అందులో తప్పులు ఇంకా ఎక్కువే ఉన్నాయి. కానీ అక్కడ బేస్ కదుల్తూ ఉంటుంది. చెవి దాని వెనకాలే వెళ్తుంది, తర్వాత ఎటు తిరుగుతుందో అని చూస్తుంది. మెట్లు దిగేవాడి నడకలో తూలు కనబడదు. చదునైన రోడ్డు మీద నడిచేవాడు తూలితే వీధి చివర్నుంచి కూడా తెలుస్తుంది. నాలుగు నోట్ల పాటలో వినడానికి ఇంకేం లేదు, వాయించేవాడు తప్ప.

తప్పేదో తెలిసింది కాబట్టి దిద్దడం మొదలుపెట్టాను. మెట్రోనోమ్‌ని ముందు సగానికి తగ్గించి, తర్వాత నాలుగు లెక్కలకి ఒకసారే కొట్టించి, మధ్య ఖాళీని నేనే మోయడం. రాత్రి పదింటికి ఆఫీసు కాల్స్ అయ్యాక గంటసేపు. మా ఇంట్లో గూడ్స్ బండి వెళ్ళేటప్పుడు ఆపాల్సిందే, దాని మోత కింద నా బేస్ నాకే వినబడదు. రెండు నెలలకి 30 కాస్తా 10 అయింది. ఆ గ్రాఫ్ తీసుకెళ్ళి మాస్టారికి చూపిద్దామనుకుని, ఆఖరి నిమిషంలో సిగ్గేసి, గిటార్ ఒక్కటే తీసుకెళ్ళాను.

ఆయన కళ్ళు మూసుకుని రెండు చుట్లు విన్నారు.

"టైము కుదిరింది. పాట కుదర్లేదు."

"అంటేనండీ?"

"నోటు ఎప్పుడు మొదలెట్టాలో చూసుకున్నావు. ఎప్పుడు ఆపాలో ఎవరు చూస్తారు?"

నాకు ఒక్క క్షణం ఏమీ తోచలేదు. రెండు నెలలుగా వేలకొద్దీ నోట్లు కొలిచాను. అన్నిటికీ మొదలే కొలిచాను. నోటుకి చివర ఒకటి ఉంటుందని, దాన్నీ కొలవచ్చని నాకు తట్టనే లేదు.

ఆయన గిటార్ ఇమ్మన్నారు. వంగని వేళ్ళతోనే, అవే నాలుగు నోట్లు, డ్రమ్ముతో పాటు. ప్రతి నోటూ నేను వదిలేసిన చోటికి కాస్త ముందే ఆగిపోతోంది. వేలు తీగని వదలడం లేదు, మెట్టు మీంచి నొక్కు మాత్రం తీస్తోంది. ఆ ఆగినచోట పాడేవాళ్ళ మాట మొదలవుతోంది. నేను వాయించినప్పుడు నా నోటు ఆ మాట మీద పరుచుకుని ఉండేది, బియ్యం మీద బస్తా వేసినట్టు. ఇప్పుడు మాట విడిగా వినబడుతోంది. వెనక వరసలో అప్పటిదాకా పుస్తకంలోకి చూస్తూ గొణుగుతున్న ఇద్దరు ఆడవాళ్ళు తలెత్తి పాడారు. ఎందుకు తలెత్తారో వాళ్ళనడిగితే చెప్పలేరు. రెండు చుట్లయ్యాక ఆయన వేళ్ళు నలుపుకుంటూ గిటార్ వెనక్కిచ్చేశారు.

ఆ రోజు తిరిగొస్తూ దారిలో అడిగాను, వాయించడం ఎందుకు మానేశారని. బందరు నుంచి ఏలూరు దాకా పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళట. తర్వాత మంచి కీబోర్డులు వచ్చాయి. బేస్ కూడా కీబోర్డువాడే ఎడం చేత్తో కొట్టేసేవాడు. ముందు మానిపించింది బేస్‌వాణ్ణే. "వాళ్ళకి వ్యాన్‌లో ఒక సీటు మిగిలింది" అన్నారు. అందులో కోపమేం వినబడలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఒక హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాశారట.

తంబురాకీ ఇదే జరిగింది కదా అనిపించింది. దానికీ నాలుగే తీగలు. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. కచేరీ మొత్తం అవే నాలుగు, అదే వరస, తాళంతో సంబంధం లేకుండా, ఒత్తు మారకుండా. పాడేవాళ్ళ వెనక కూర్చుని దాన్ని మీటినవాళ్ళ పేరు మనలో ఎంతమందికి గుర్తుంటుంది? ఇప్పుడక్కడ చాలాసార్లు చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. శ్రుతి మాత, లయ పిత అని పెద్దవాళ్ళన్నారు. బేస్‌ది ఆ ఇద్దరినీ ఒకే భుజం మీద మోసే పని.

*

క్రిస్మస్ రాత్రి పాటలకి నన్ను వద్దన్నారు. మావాడే వచ్చి చెప్పాడు, చెప్పలేక చెప్పలేక. "ఈసారికి నేను ఎడం చేత్తో లాగించేస్తాలేరా." ముప్ఫై ఆరేళ్ళ వయసులో, ఇంట్లో పిల్లాడి ఎదురుగా, నాలుగు నోట్లు రావని ఒకడు చెప్పడం ఎలా ఉంటుందో వివరించను. ఉద్యోగంలో నా పేరు ఇలా తెచ్చుకున్నది కాదు. ఏదైనా తొందరగా పట్టేస్తాడని తెచ్చుకున్నది.

ఆ రాత్రి వెనక వరసలో కూర్చుని విన్నాను. కీబోర్డు బేస్ టైముకి పడుతోంది, నా కన్నా శుభ్రంగా. కానీ వేలు మీట మీద ఉన్నంతసేపూ ఒకేలా మోగి, తీయగానే తెగిపోతోంది. తప్పంటూ ఏం లేదు. పాడేవాళ్ళు మాత్రం పుస్తకాల్లోకి చూస్తూ పాడారు. ఈ తేడా వినబడ్డమే ఈ ఎనిమిది నెలల్లో నేను నేర్చుకున్నదేమో.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అలమరలోంచి ఒక కథల సంపుటి తీశాను. మూడేళ్ళ కింద దాని మీద సమీక్ష రాశాను. రచయిత పేరు ఇక్కడ అనవసరం. వాక్యాలు మరీ సాదాగా ఉన్నాయనీ, శైలి అంటూ ఏర్పడలేదనీ, ఇలా ఎవరైనా రాయొచ్చనీ అన్నాను. నలుగురు మెచ్చుకున్నారు కూడా, నిర్మొహమాటంగా రాశానని. రచయిత ఏమీ అనలేదు. ఆయన తర్వాత ఇంకో పుస్తకం వేసినట్టు నాకు తెలీదు. దానికీ దీనికీ సంబంధం ఉండకపోవచ్చు.

అందులో ఒక కథలో, ఊరెళ్ళే కొడుక్కి తల్లి అన్నం మూట కడుతుంది. గుడ్డ పరిచింది, మూట కట్టింది, ముడి సరిగ్గా పడిందో లేదో లాగి చూసింది, ఇచ్చింది. పేరా అయిపోతుంది. మూడేళ్ళ కింద ఇది నాకు చప్పగా అనిపించింది. ఆ రాత్రి దాన్ని కంప్యూటర్లో ఎక్కించుకుని, నేనైతే రాసేవాణ్ణి అనుకున్న వాక్యం చివర కలిపి చూశాను. ఆవిడ కళ్ళ గురించి ఒకటి. తర్వాత చేతుల గురించి ఒకటి. కలిపిన ప్రతిసారీ ఆ ముడి లాగి చూడ్డం వెనక్కి వెళ్ళిపోయింది, నా వాక్యం దాని మీద పరుచుకుంది. ఆయనకి రాయడం రాక అక్కడ ఆగలేదు. ఎక్కడ ఆగాలో తెలిసి ఆగాడు. నేను ఆయన నోట్లు లెక్కపెట్టాను, చివర్లు వినలేదు.

కాలవలన్నీ దాటి, కృష్ణ దాటితే తెనాలి. కొడవటిగంటి కుటుంబరావుది ఆ ఊరు. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామలో పనిచేశాడు. సంపాదకుడిగా చక్రపాణి పేరుండేది, ఆయన పేరుండేది కాదు. మా తాతయ్య బైండు చేయించిన పాత చందమామలు చదువుతూ పెరిగాను నేను. ఆ కథల్ని ఎవరో కూర్చుని రాశారని, ఎవరో వాక్యం వాక్యం సరిచేశారని చిన్నప్పుడు నాకు తట్టనే లేదు. చెట్టుకి ఆకులొచ్చినట్టు వాటంతటవి వచ్చాయనుకున్నాను. అలా అనిపించేలా రాయడం ఎంత పనో ఒక్క పేజీ ప్రయత్నిస్తే తెలుస్తుంది. గోడ అవతలి బేస్ విన్నవాణ్ణి, ఈ బేస్ మాత్రం వినలేకపోయాను.

ఇలాగని సాదాగా ఉన్నదల్లా గొప్పదని అననుగానీ, చప్పటి వాక్యం చప్పటిదే. నేను కొట్టిన నాలుగు నోట్లూ మాస్టారు కొట్టిన నాలుగు నోట్లూ కాగితం మీద ఒకటే, అందులో ఒకటి పాట, ఇంకోటి కాదు. ఆ తేడా కాగితం చూసి చెప్పలేం. నేను కాగితం చూసి చెప్పాను. ఆ సమీక్ష తీసెయ్యమని పత్రికవాళ్ళని అడగలేదు, అడగను కూడా. నా 30 మిల్లీసెకన్ల రికార్డింగ్ కూడా తుడిపెయ్యలేదు. రెండూ ఉండనీ.

*

జనవరి చివర్లో ఒక ఆదివారం, మామూలు ఆరాధనకి, ఒక్క పాటకి నన్ను వాయించమన్నారు. జి, ఇ, సి, డి. నోట్ల చివర్ల మీదే ప్రాణం పెట్టుకుని వాయించాను. అయ్యాక మావాడు బొటనవేలు పైకెత్తాడు. మాస్టారు ఏమీ అనలేదు, కుర్చీలోంచి లేస్తూ "వచ్చే శుక్రవారం ముందుగా రా" అన్నారు. పాడినవాళ్ళెవరికీ ఏ తేడా తెలిసినట్టు లేదు. తెలీకపోవడమే మంచిదని నాకు నేను చెప్పుకుంటూ ఇంటికొచ్చాను.

అమ్మ వంటింట్లో ఉంది. చర్చి వెనక గోడకీ మా వంటింటికీ మధ్య ఒక సందు.

"పాటా గీటా ఏం వినబళ్ళేదు గానీ, ఆ దుం దుం అన్నది నువ్వేనట్రా?" అంది.

"ఆఁ, నేనే."

"మధ్యలో రెండుసార్లు ఆగిందే. ఏమైంది?"

చివర్ల గురించిన భయంతో నోటు ముందే వదిలేసిన చోట్లవి. లోపల అంతమందిలో ఎవరికీ వినబడనిది, గోడ ఇవతల కూర తరుగుతున్న మనిషికి వినబడింది.

"రెండు కాదే," అన్నాను, "మూడు."